మధ్యాహ్నపు వంతు

పల్నాడు వాళ్ళకు చచ్చినవాళ్ళతో ఎప్పుడూ పేచీ లేదు. ఏనాడో కొట్టుకుని చచ్చిన వీరుల ఆయుధాలను ఏటా కడిగి, పసుపు పూసి, కారెంపూడిలో తిరణాల చేసుకునే సీమ అది. పోయినవాడికి ఒక చోటు చూపిస్తారు, ఏడాదికొకసారి పలకరిస్తారు, తర్వాత ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. పేచీ అల్లా ఉన్నాడో పోయాడో తెలియనివాళ్ళతోనే.

గురజాల దగ్గర రాళ్ళపాడులో ఈ పద్ధతి భజనలోకి కూడా వచ్చింది. అక్కడ ఏటా శ్రీరామనవమికి ముగిసేటట్టు సప్తాహం చేసేవాళ్ళు. ఏడు రోజులు, రాత్రనక పగలనక, ఆగకుండా రామనామం పాడటమన్నమాట. చుట్టుపక్కల ఊళ్ళనుంచి జట్లు వచ్చి వంతులవారీగా పాడేవి. పిలిచి కూలి ఇచ్చేవాళ్ళు లేరు, పుచ్చుకునేవాళ్ళూ లేరు. పందిరికి తాటాకు ఒకరు తెస్తే, పానకానికి బెల్లం ఇంకొకరు, వంటకు కట్టెలు మరొకరు. ఎవరికి చేతనైన సాయం వాళ్ళు చేసేవాళ్ళు. ఉన్నది ఒకటే కట్టుబాటు, నామం తెగకూడదు. తెగితే ఆ ఏడు ఊరికి కీడు.

అందుకని వంతు మారేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పాడేవాడు తన వంతు అయిపోవస్తుంటే, పాడుతూనే, పక్కన కూర్చున్నవాడి మోకాలి మీద చెయ్యి వేస్తాడు. ఆ చెయ్యి తియ్యకముందే వాడు అందుకోవాలి. చెయ్యి పడకుండా ఎవడూ అందుకోకూడదు. ఎంత పెద్ద గాయకుడైనా సరే, ఆ చెయ్యి పడిందాకా నోరు మూసుకుని కూర్చోవలసిందే.

భజన చేసేవాడు పోతే వాడి కంచు తాళాలు ఇంట్లో ఉంచుకోరు. పసుపు నీళ్ళతో కడిగి, పందిరి నడిమి గుంజ దగ్గర వేసిన నాపరాతి పలక మీద పెడతారు. పెద్దల బండ అంటారు దాన్ని. పోయినవాడి వంతును ఊరంతా కలిసి వాడి పేరు మీద పాడుతుంది. బతికి ఉండి రానివాడి సంగతి వేరు. వాడి వంతు వాడి ఇంటివాళ్ళే పాడాలి, ఊరు వేలు పెట్టదు. పోయినవాడికి ఊరు తోడు, ఉన్నవాడికి ఇల్లు తోడు అని ఆ ఊళ్ళో ఒక మాట.

వంతులు వేసే పెత్తనం పిచ్చియ్యది. యాభై దాటిన మనిషి, పదెకరాల మెట్ట రైతు. ఏ జట్టు ఏ రైలుకు దిగుతుంది, ఎవరింట్లో భోజనం, ఎవరికి ఎవరితో పడదు, అన్నీ నోటిమీద చెప్పగలడు. ఒక్క పాడటమే చేతకాదు. పిచ్చియ్య జోల పాడితే నిద్రపోయే పిల్లాడు కూడా లేచి ఏడుస్తాడని ఆయన భార్య మంగమ్మే నలుగురిలో అనేది. పిచ్చియ్య కూడా నవ్వేవాడు. తనకు లేని గొంతు దేవుడు తన కొడుక్కి వడ్డీతో సహా ఇచ్చాడని ఆయనకు లోలోపల పెద్ద గర్వం.

కొడుకు సాంబశివరావు. ఇంట్లోనూ ఊళ్ళోనూ సాంబడే. మూడోనాటి మధ్యాహ్నపు వంతు వాడిది. ఆ వేళంటే అందరికీ భయం. పల్నాటి ఎండలో మిట్టమధ్యాహ్నం కాకి కూడా తిరగదు, తిరిగేవి దయ్యాలేనని ఊళ్ళో నమ్మకం. వాటికి మాత్రం పాట ఎవడు వినిపిస్తాడని నవ్వి, మీసాలు రాని వయసులోనే సాంబడు ఆ వంతు అడిగి తీసుకున్నాడు. వాడి పాటలో ఒక విరుపు ఉండేది. చివరి 'రామా' దగ్గర గొంతు పైకెత్తి, అక్కడ కాసేపు నిలబెట్టి, మెట్టు మెట్టుగా దింపేవాడు. ఎందరో ప్రయత్నించారు గానీ అది ఎవరికీ పట్టుబడలేదు.

వానలు మొహం చాటేసిన ఏడు, నరసరావుపేటలో సైన్యంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి సాంబడు వెళ్ళాడు. వాడితో పాటు సుభానీ వెళ్ళాడు. ఇద్దరూ ఒకే క్వారీలో రాయి కొట్టినవాళ్ళు. పీర్ల పండక్కి సాంబడు, సప్తాహానికి సుభానీ, ఒకళ్ళ వెనక ఒకళ్ళు తిరుగుతూనే ఉండేవాళ్ళు. సైన్యంలో వాళ్ళకు తుపాకులు ఇవ్వలేదు. సమ్మెటలు ఇచ్చి, అస్సాం అవతల కొండల్లో రోడ్లు వెయ్యమన్నారు. యుద్ధం ముగిశాక సుభానీ ఒక కాలు ఈడ్చుకుంటూ తిరిగొచ్చాడు. సాంబడు రాలేదు. కనపడటం లేదని సర్కారు వాళ్ళు కబురు పంపారు. కనపడకపోవటానికి వాడేమన్నా తప్పిపోయిన దూడా అని పిచ్చియ్య కబురు తెచ్చినవాడి మీద విరుచుకుపడ్డాడు. పాపం, వాడేం చేస్తాడు.

యుద్ధం రోజుల్లో సప్తాహం ఆగిపోయింది. కిరసనాయిలుకు కంట్రోలు, జొన్నలకు కంట్రోలు, పాడే కుర్రాళ్ళేమో ఊళ్ళో లేరు. యుద్ధమయ్యాక వచ్చిన మొదటి చైత్రంలో మళ్ళీ చెయ్యాలని ఊరంతా అనుకుంది. ఫాల్గుణ పున్నమి వెళ్ళాక భజన గురువు బ్రహ్మయ్య గారి అరుగు మీద చేరారు. పిచ్చియ్య వంతులు చెప్పుకుంటూ పోయాడు. మూడోనాటి పొద్దుట నూజెండ్ల జట్టు అన్నాడు. సాయంత్రం కృష్ణ అవతలి నుంచి వచ్చే జట్టు అన్నాడు. మధ్యలోది చెప్పలేదు. ఎవరూ అడగలేదు. అడగాల్సిన మనిషి బ్రహ్మయ్యే, ఆయనే అడిగాడు.

"పిచ్చియ్యా, మీవాడి తాళాలు బండ మీద పెడతావా, వంతు పెడతావా?"

"వంతే పెడతా మావా."

"అయితే నీ ఇల్లే పాడాల. తెలుసుగా?"

తెలుసన్నాడు పిచ్చియ్య. నీ గొంతుతోనా అని ఇంకో రోజైతే ఎవడో ఒకడు నవ్వేవాడే. ఆవేళ ఎవరూ నవ్వలేదు. అరుగు కింద బండి ఇరుసుకు కందెన పూస్తున్న సుభానీ మాత్రం ఆ పని సగంలో వదిలి లేచి వెళ్ళిపోయాడు.

మనసులో మాట చెప్పాలంటే, పిచ్చియ్యకు నమ్మకం చాలావరకు పోయింది. ఆయన పట్టుబట్టింది కోడలి కోసం. శాంతమ్మ కాపురానికి వచ్చి ఏడాది తిరక్కుండానే సాంబడు వెళ్ళాడు. ఆ పిల్ల రోజూ పొద్దున్నే స్నానం చేసి, కాసంత బొట్టు పెట్టుకుని, అత్తకు మజ్జిగ ఇచ్చి, పనిలోకి దిగేది. తాళాలు బండ మీద పెట్టిన మరుక్షణం ఆ బొట్టు పోతుంది. నా చేత్తో నేను ఆ పని చెయ్యనని పిచ్చియ్య ఒట్టు పెట్టుకున్నాడు. ఊరు తిట్టినా సరే, గొంతు పగిలినా సరే.

మంగమ్మ సంగతి వేరు. ఆమెకు అనుమానమే లేదు. ఆ తాళాల జత వంటింటి వాసానికి కొట్టిన మేకుకు వేలాడుతుండేది. క్వారీలో కూలీలు అన్నాలకు లేచాక మధ్యాహ్నం పూట మందు పేల్చేవాళ్ళు. ఆ దెబ్బకు ఇల్లంతా అదిరి, వాసం మీది దుమ్ము రాలి, మేకుకున్న తాళాలు ఒకదానికొకటి తగిలి ఘల్లుమనేవి. రోజూ అదే వేళకు, సరిగ్గా వాడి వంతు వేళకు. ఆ చప్పుడు వినగానే మంగమ్మ కొడుకు కంచం తీసి, మొదటి ముద్ద అందులో పెట్టేది. వాడు పలికాడు, ఇక మనం తినొచ్చు అనేది. గోడ మీదికి కాకి వస్తే చీపురు విసిరేది. "నీకేం పనే ఇక్కడ? మావోడు బతికే ఉన్నాడు, పో" అని దాన్ని తిట్టేది. సాయంత్రం శాంతమ్మ ఆ ముద్దను చప్పుడు కాకుండా కుడితిలో కలిపేది.

మందు పేలితే మోగుతున్నాయని పిచ్చియ్యకు తెలియదా? తెలుసు. అయినా ఆ ఘల్లు విన్నప్పుడల్లా ఆయన చేతిలో ముద్ద ఆగేది. తెలిసిన సంగతి వేరు, ఒళ్ళు జలదరించటం వేరు.

పిచ్చియ్య పాట నేర్చుకోవటం మొదలుపెట్టాడు. ఎవరూ వినకుండా పత్తి మోళ్ళు పీకిన చేలో నిలబడి పాడేవాడు. ఆయన పాడుతుంటే ఎద్దులు మేత మాని తలెత్తి చూసేవి. ఒకరోజు అన్నం తెచ్చిన శాంతమ్మ చింత నీడన కూర్చుని కాసేపు విన్నది. తర్వాత, అక్కడ ఊపిరి పట్టొద్దు మావయ్యా, ఇంకొంచెం ముందే పీల్చుకోండి అని మెల్లగా చెప్పి, తను పాడి చూపించింది. చిన్న గొంతు గానీ తీరైన గొంతు. ఆ రోజునుంచి మామకు కోడలే గురువైంది. చివరి విరుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ పిల్ల ఆగిపోయేది. అది నాకు రాదు మావయ్యా, వదిలెయ్యండి అనేది. వంతు రోజున అత్తా తానూ వెనకపాటకు కూర్చుంటామని తనే చెప్పింది. ఆడవాళ్ళు పందిట్లో కూర్చోవటమేమిటని ఎవరో అన్నారట. ఇల్లంటే మగవాళ్ళొక్కళ్ళేనా అని బ్రహ్మయ్య ఆ నోరు మూయించాడు.

సుభానీ ఆ రోజుల్లో మనిషిలా లేడు. సప్తాహం పనుల్లో సగం వాడే నెత్తిన వేసుకున్నాడు. స్టేషన్లో దిగిన జట్లను బండి మీద తేవటం, పీపాలతో నీళ్ళు తోలటం, తాటాకు మోయటం, అన్నీ వాడే. అయితే పందిరి కిందికి అడుగు పెట్టమంటే పెట్టడు. అంచు గుంజ దాకా వచ్చి ఆగిపోయేవాడు. పిచ్చియ్య ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే బండిని చుట్టు తిప్పి వెనక దారిన తోలేవాడు. మంగమ్మ అన్నానికి పిలిస్తే ఆకలి లేదనేవాడు. తిరిగొచ్చిన రోజున స్టేషన్లో మంగమ్మ ఎదురెళ్ళి, మావాడు వెనకొస్తున్నాడా అని అడిగిందనీ, వస్తాడు పెద్దమ్మా అని వాడన్నాడనీ ఊరందరికీ తెలుసు. ఆ ఒక్క మాట మీదే మంగమ్మ బతుకుతోంది.

సప్తాహం మొదలైంది. పెద్దల బండ మీద పాత తాళాలన్నీ పసుపు నీళ్ళతో తళతళలాడుతూ కూర్చున్నాయి. బ్రహ్మయ్య ఒక్కొక్కరి పేరూ చెప్పి పిలిచాడు. పిచ్చియ్య తండ్రి పేరు కూడా అందులో ఉంది. పేరు పేరుకూ ఊరు ఊరంతా వచ్చారు, వచ్చారు అని పలికింది. సాంబడి పేరు రాలేదు. ఆ పేరు దగ్గర బ్రహ్మయ్య ఆగినట్టే ఆగి, మింగేసి, నామం ఎత్తుకున్నాడు.

ఎవరూ ముందుగా ఆలోచించని సంగతి ఒకటి మొదటినాడే బయటపడింది. సప్తాహానికని క్వారీ మూశారు. మందు పేల్చేవాళ్ళు లేరు. మధ్యాహ్నమైంది, మంగమ్మ కంచం ముందు పెట్టుకుని వాసం వైపు చూస్తూ కూర్చుంది. తాళాలు పలకలేదు. పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చుంది. రెండోనాడూ అంతే. ఆమె ముద్ద ముట్టలేదు. వాడు పలకటం లేదయ్యా, ఏమైందో వాడికి, అని మొగుణ్ణి పట్టుకుని ఊపేసింది. క్వారీ లేదు కదే పిచ్చిదానా అనబోయి పిచ్చియ్య నోరు నొక్కేసుకున్నాడు. ఆ మాట అంటే అన్నాళ్ళూ పలికినవాడు ఎవడని ఆమె అడుగుతుంది.

మూడోనాడు పొద్దెక్కింది. పిచ్చియ్య పొద్దుటినుంచీ పని చేస్తూనే ఉన్నాడు. వచ్చినవాళ్ళకు పానకం పోయించాడు, చిరిగిన చాప మార్పించాడు, డోలు వదులైందంటే ఎండకు పెట్టించాడు. చేతులు చేస్తున్నాయి గానీ గుండె ఒక చోట లేదు. వేళ దగ్గరపడుతుంటే తాళాల కోసం ఇంటికి వెళ్ళాడు. గడపలో కాలు పెట్టగానే లోపల ఘల్లుమన్నది. క్వారీ లేదు, గాలి లేదు. కాసేపటికి శాంతమ్మ తాళాలు రెండు చేతుల్లో పట్టుకుని బయటికి వచ్చింది. నేనే దించాను మావయ్యా అంది. పిచ్చియ్యకు ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే, ఎందుకో, ఏడుపొచ్చింది.

పందిట్లో ఆ వేళకు పలచగా ఉన్నారు. అంచుల్లో కొందరు పైగుడ్డ మొహాన వేసుకుని పడుకున్నారు. బయట ఎండ తెల్లగా, కదలకుండా నిలబడి ఉంది. నూజెండ్ల జట్టు పెద్ద ఆదినారాయణ పాడుతూనే కళ్ళతో పిచ్చియ్యను పిలిచాడు. పిచ్చియ్య వెళ్ళి పక్కన కూర్చున్నాడు. వెనకగా అత్తాకోడళ్ళు కూర్చున్నారు. ఆదినారాయణ చెయ్యి మోకాలి మీద పడింది. ఆ చెయ్యి బరువుకు పిచ్చియ్య ఒక్క క్షణం రాముడి పేరే మర్చిపోయాడు. తర్వాత అందుకున్నాడు.

ఎట్లా పాడాడంటే ఏం చెప్పమంటారు. పాడాడు. కోడలు చెప్పిన చోటల్లా ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన ఒక వరస పాడితే ఆడవాళ్ళిద్దరూ తిరిగి పాడారు. పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు గానీ ఒక్కడూ గొంతు కలపలేదు. కలపకూడదు మరి, ఉన్నవాడికి ఇల్లే తోడు. బ్రహ్మయ్య కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు. ఎండ ఎక్కేకొద్దీ పిచ్చియ్య గొంతు ఎండిపోయింది. ముందు జీరపోయింది, తర్వాత చీలింది. మధ్యలో నీళ్ళు తాగే వీలు లేదు. ఇంకా వంతు సగం కూడా కాలేదు. మంగమ్మ గొంతు ఎప్పుడో ఆగిపోయింది. శాంతమ్మ ఒక్కతే వెనకపాట లాక్కొస్తోంది. వరస చివరికి వచ్చినప్పుడల్లా, విరుపు ఉండాల్సిన చోట, మామా కోడలూ ఒక్క రవ్వ ఆగుతున్నారు. అక్కడ ఎవరో పాడబోతున్నట్టు, వాళ్ళు వింటున్నట్టు. పందిరంతా కూడా అక్కడ చెవులు రిక్కిస్తోంది. నామం తెగేది అక్కడేనని పిచ్చియ్యకు అర్థమైంది.

ఇక గొంతు పెగల్లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, చివరి మాటను పళ్ళ బిగువున పట్టుకుని, అలవాటు లేని చేత్తో పక్కన తడిమాడు. అక్కడ ఎవరూ లేరని తెలుసు. ఉన్నదల్లా ఖాళీ చాప. సాంబా, ఇక నావల్ల కాదురా అనుకున్నాడు.

చేతికి మోకాలు తగిలింది.

గొంతు లేచింది. చివరి 'రామా' దగ్గర పైకెక్కి, అక్కడ నిలబడి, మెట్టు మెట్టుగా దిగింది. అదే విరుపు. పందిట్లో ఎవరో అమ్మో అన్నారు. పిచ్చియ్య కళ్ళు తెరవలేదు. వచ్చాడు, నా కొడుకు వచ్చాడు అనుకున్నాడు. ఆ మోకాలిని పట్టుకుని, ఇంకో వరస, ఆ తర్వాత ఇంకో వరస వినేదాకా కళ్ళు తెరవకుండా కూర్చున్నాడు. ఆ కాసేపే ఆ ముసలాడికి దక్కింది.

కళ్ళు తెరిస్తే సుభానీ. నీళ్ళ బండి వదిలి వచ్చినట్టున్నాడు, మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు. ఎదురుగా ఎండను చూస్తూ పాడుతున్నాడు. బ్రహ్మయ్య లేవబోయి, పిచ్చియ్య చెయ్యి ఎక్కడుందో చూసి, మళ్ళీ కూర్చున్నాడు. మోకాలి మీద చెయ్యి పడ్డవాడు అందుకోక ఏం చేస్తాడు? మంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. శాంతమ్మ వెనకపాట మాత్రం ఒక్క చోట కూడా తొట్రుపడలేదు. ఆ పాట రోజూ విన్నట్టే అందుకుంటోంది.

పిచ్చియ్య సుభానీ చెవి దగ్గరికి వంగాడు. వాడు వరస పాడాక శాంతమ్మ తిరిగి పాడేటప్పుడు వాళ్ళ మాట సాగింది. వాడు పాడాలి, ఆగాలి, చెప్పాలి, మళ్ళీ పాడాలి. నామం తెగకూడదు.

"ఇది నీకెవరు అందిచ్చారురా?" అని అడిగాడు పిచ్చియ్య.

సుభానీ ఒక వరస పాడాడు.

"ఇద్దరికీ జొరం పెదనాయనా. కొండ దిగతన్నాం. వాన. ఆగితే నిద్దరొస్తది, నిద్దరపోతే లెయ్యం అని వాడు పాడతానే ఉన్నాడు."

ఇంకో వరస పాడాడు.

"తెల్లారగట్ల నా మోకాలి మీద చెయ్యేశాడు. నేను అందుకున్నా. ఆ చెయ్యి మళ్ళీ తియ్యలా."

పిచ్చియ్యకు పందిరి, బండ, దాని మీద తాళాలు, అన్నీ దూరంగా జరిగిపోయినట్టయింది. వాడు పక్కనే ఉన్నాడు, మోకాలు పక్కనే ఉంది, అయినా దూరం.

"పెద్దమ్మ అడిగితే వస్తాడని నోరు జారింది," అన్నాడు సుభానీ. "ఆయాల్టి నుంచీ ఇది ఆగటంలా. బండి మీద ఇదే, పడుకున్నా ఇదే. ఎవరికి అందియ్యాలో తెలవలా నాకు."

సాయంత్రపు జట్టు, కృష్ణ అవతలివాళ్ళు, వచ్చి పక్కన కూర్చున్నారు. వాళ్ళ పెద్ద మోకాలు ముందుకు జరిపాడు. సుభానీ చెయ్యి లేవలేదు. వంతు అయిపోయింది, అయినా వాడు పాడుతూనే ఉన్నాడు. ఆపటం వాడికి చేతకావటం లేదని పిచ్చియ్య చూశాడు. కొండల మీద మొదలుపెట్టింది వాడు ఇంకా ఆపలేదు. ఇన్నాళ్ళూ తన ఇంటి చుట్టూ తిరిగింది కొడుకు దయ్యం కాదు, ఈ పిల్లాడి గొంతులో ఇరుక్కున్న కొడుకు వంతు.

పిచ్చియ్య సుభానీ చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. గట్టిగా అదిమి పట్టుకుని, ఆ చచ్చుగొంతుతో, జీరతో, నామం అందుకున్నాడు. చివర విరుపు దగ్గర ఆగలేదు. తనకు వచ్చినట్టు చదునుగా పాడేశాడు. సుభానీ నోరు మూతపడింది. వాడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, చిన్నపిల్లాడిలాగా, ఏడ్చి ఏడ్చి, అక్కడే చాప మీద నిద్రపోయాడు.

పిచ్చియ్య కృష్ణ అవతలివాళ్ళకు వంతు ఇచ్చి లేచాడు. పసుపు నీళ్ళ చెంబు తెమ్మని ఎవరికీ చెప్పలేదు, తానే తెచ్చుకున్నాడు. తాళాలు కడిగి, తండ్రి తాళాల పక్కన పెట్టాడు. నా చేత్తో చెయ్యనని ఒట్టు పెట్టుకున్న పని చెయ్యటానికి ఎంతోసేపు పట్టలేదు. చేసి, తలెత్తి, కోడలి మొహం చూడలేక గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

శాంతమ్మే దగ్గరికి వచ్చింది.

"నాకు కార్తీకంలోనే తెలుసు మావయ్యా. సుభానన్న బండి తోలుకుంటా ఆ విరుపు పాడుకుంటుంటే విన్నా. ఆయన చెయ్యి పడకపోతే అది ఎవరికొస్తది?"

"మరి ఈ బొట్టు?"

"మీకోసమే ఉంచా."

నేను పట్టుబట్టింది నీ కోసం కదమ్మా అని పిచ్చియ్య అనలేకపోయాడు. అనాల్సిన పని కూడా లేదు, ఆ పిల్లకు అర్థమైంది. ఒకరి కోసం ఒకరు ఇన్నాళ్ళు అబద్ధాన్ని అన్నం పెట్టి సాకారు. నామం నడిచే రోజుల్లో ఊళ్ళో మైల లేదని బ్రహ్మయ్య చెప్పాడు. అందుకని నవమి దాకా శాంతమ్మ బొట్టు పెట్టుకునే వచ్చినవాళ్ళకు వడ్డించింది. పిచ్చియ్య పానకం పోయించాడు, జట్లను సాగనంపాడు, పందిరి విప్పించాడు. మంగమ్మ ఊరందరికీ సరిపడా కూరలు తరిగింది.

నవమి వెళ్ళిన మర్నాడు శాంతమ్మ అద్దం ముందు కూర్చుని తన చేత్తో తనే బొట్టు తుడుచుకుంది. ఏదో తంతు ఉందంటూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వస్తే పిచ్చియ్య గడపకు అడ్డంగా కూర్చుని, తంతు అయిపోయింది, ఇళ్ళకు పొండమ్మా అన్నాడు. ఆయన మొహం చూసి వాళ్ళు మారు మాట్లాడకుండా వెళ్ళిపోయారు.

ఆ రోజే క్వారీ తెరిచారు. మధ్యాహ్నం ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. మందు పేలింది. ఇల్లు అదిరింది, వాసం మీది దుమ్ము రాలింది. మేకు ఖాళీగా ఉంది. మంగమ్మ తలెత్తి వాసం వైపు చూసింది. చాలాసేపు చూసింది. పిచ్చియ్య, శాంతమ్మ ముద్దలు పట్టుకుని ఆమెనే చూస్తున్నారు.

మంగమ్మ కొడుకు కంచంలో మొదటి ముద్ద పెట్టింది. ఆ కంచం తీసుకుని పెరట్లోకి నడిచింది. ముద్దను గోడ మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, కాకిని పిలిచింది.